స్వర్ణముఖి నుండి కాంచనపురికి

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మొదట నన్ను పోతనగారి భక్తిని గూర్చి మాటలాడుమని కోరిరి. నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. ఈ గ్రంథాలయపు బీరువాలే నా గురుకులము. పోతనగారిని గూర్చి నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ సభలోనే నలుగురున్నారు. కాని 2024వ సంవత్సరము ఏప్రిలు నెలలో మన వాకాడునుండియు, చుట్టుప్రక్కల పల్లెలనుండియు పదునలుగురము థాయిలాండు, అనగా మన పెద్దలు సయాము అనుచుండిన దేశము, పోయి వచ్చితిమి. అచ్చట చూచినది చెప్పుటకు ఆ పదునలుగురిలో ఒకడైనను పూనుకొనవలెను గదా యని ఈ విషయమును నేనే అడిగి తీసికొంటిని.

మేము వేడుకకు మాత్రమే పోలేదు. ఈ ప్రయాణమునకు మూలము మాలో ఒక అవ్వ. ఆమెకు ఎనుబది రెండేండ్లు. తన పేరు సభలో చెప్పవద్దని ఆమెయే అన్నది కనుక అవ్వ యనియే చెప్పెదను. ఆమె పెదనాయన మలయా దేశమున రబ్బరు తోటలో పనికి పోయెను. 1938లో హిందూదేశ ప్రభుత్వము మలయాకు కూలీలను పంపుటను నిలిపివేసినది. ఆయన అంతకు ముందు ఏడే ఓడ యెక్కెను. మూడేండ్లు ఉత్తరములు వచ్చినవి, డబ్బు వచ్చినది. 1941లో కడపటి ఉత్తరము. ఆ డిసెంబరులో జపానువారు మలయాలో దిగిరి; 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను. ఏప్రిలు 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడినవి. చెన్నపట్టణపు జనము మూటలు కట్టుకొని పల్లెలకు పరుగెత్తుచుండగా మన తీరమున రాత్రులు దీపము పెట్టుటకు భయపడెడివారని మా తాతగారు చెప్పగా వింటిని. ఆ గాలిలో ఒక కూలివాని ఉత్తరము ఏమైనదని అడుగువా రెవరు?

యుద్ధము ముగిసిన పిమ్మట మలయానుండి తిరిగివచ్చిన పరిచయస్థు డొకడు, "ఆయన్ని రైలుదారి కట్టేదానికి తీసకపోయినారు" అని మాత్రము చెప్పెను. అంతే. చచ్చెనని చెప్పలేదు, బ్రతికెనని చెప్పలేదు. ఆయన భార్య కుంకుమ తుడువవలెనో, ఉంచుకొనవలెనో తేల్చుకొనలేక 1971లో తాను పోవువరకు ఉంచుకొనియే యుండెను. తిథి తెలియదు కనుక తద్దినము లేదు. ఇంటివారు మహాలయ అమావాస్యనాడు పేరు తలచి ఊరకుండెడివారు. ఆ రైలుదారి థాయిలాండులో నున్నదనియు, అచ్చట ఏటేట ఏప్రిలు 25న స్మారకసభ జరుగుననియు అవ్వ మనుమడు తెలిసికొనెను. "ఆడ పేర్లు రాసి పెట్టుంటారంట. ఒకసారి చూసొస్తే పోలా?" అని అవ్వ అన్నది. మిగిలిన పదముగ్గురము ఆమె వెంట కూడితిమి. పట్టణము చూడవలెనను కోరికయు మాకు లేకపోలేదు; దాచుటెందుకు?

చెన్నపట్టణమున విమానమెక్కిన మూడున్నర గంటలకు బ్యాంకాక్ నగరమున దిగితిమి. ఆ విమానాశ్రయము పేరు సువర్ణభూమి. లోపలికి రాగానే ఎదుట క్షీరసాగర మథనము! ఒకవైపు దేవతలు, ఒకవైపు అసురులు, నడుమ వాసుకి, పర్వతముమీద విష్ణుమూర్తి. నిలువెత్తు రంగురంగుల విగ్రహములు. మాలో ఒకరు చేతిలోని పెట్టె క్రిందపెట్టి దండము పెట్టిరి. ఆ దేశపురాజుల బిరుదు రాముడు, పాత రాజధాని పేరు అయుధ్యా, రాజముద్ర గరుత్మంతుడు. చదువుకొన్న సంస్కృతము పరదేశమున ఇట్లు అక్కరకు వచ్చునని నేననుకొనలేదు. వీధి పలకలమీది లిపి నాకు రాదు గాని, ఎవరైనను పేరు పలికినప్పుడు మన మాట అడుగున తొంగిచూచుచుండెను.

వాట్ ఫో విహారమున 46 మీటర్ల పొడవున పరుండిన బుద్ధుని చూచితిమి. ఆయన పాదములమీద ముత్యపుచిప్పతో 108 మంగళచిహ్నములు చెక్కియున్నవి. ఆ పాదముల ఎత్తే మన యింటి కప్పును మించును. రాజప్రాసాదములోని మరకత బుద్ధునిది నిజమునకు మరకతము కాదు, పచ్చరాయి. దాని ప్రాకారపు వసారాలలో రామాయణ మంతయు 178 గోడచిత్రములుగా తీర్చియున్నారు. అది వాల్మీకి కథ కాదు. 1797లో మొదటి రాముడను రాజు రచింపించిన రామకియెన్. అందు రావణుడు దశకంఠుడు, విభీషణుడు ఫిఫేక్. హనుమంతుడు మాత్రము బ్రహ్మచారి కాడు. సేతువు కట్టునప్పుడు రాళ్ళు దొంగిలించిన సువర్ణమత్స్య యను రావణుని కూతురిని వరించి కొడుకునుకూడ కనును! మాలోని ఆంజనేయ భక్తు డొకడు ఈ మాట విని ఆ చిత్రమువైపు మరల చూడలేదు. నేను నవ్వుకొంటిని గాని, సేతువు మోయు కోతుల బారును చూచుచు అచ్చటనే కొంతసేపు నిలిచిపోయితిని. యుద్ధము ముగిసినపిమ్మట వరము కోరుమని ఇంద్రు డనగా, తనకొరకు వచ్చి చచ్చిన వానరులను బ్రతికింపుమని రాముడు కోరెనని వాల్మీకి చెప్పుట జ్ఞాపకము వచ్చెను.

అంగళ్ళు, పడవలు, మెట్లెక్కించు గుళ్ళు, పట్టణపు ఎండ, వీనిని గూర్చి తక్కినవారు ఇంటింట చెప్పియే యున్నారు. శాకాహారులకు ఒక మాట చెప్పి ముందుకు పోయెదను: పసుపు గుడ్డమీద ఎఱ్ఱని అక్షరముతో "జే" యని వ్రాసిన దుకాణము కనబడినచో నిర్భయముగా కూర్చుండవచ్చును. మేము మూటకట్టుకొనిపోయిన గోంగూర పచ్చడి మూడవనాటికే చెల్లిపోయినది.

ఏప్రిలు 24న రైలులో పడమరగా బయలుదేరితిమి. బ్యాంకాక్ నుండి సుమారు 130 కిలోమీటర్లు. చెరకుతోటలు, వరిపొలములు, దూరమున కొండలు. ఆ పట్టణము పేరు కాంచనబురి. మన మాటలో కాంచనపురి. మన స్వర్ణముఖి ఒడ్డున బయలుదేరి, సువర్ణభూమిలో దిగి, కాంచనపురికి చేరితిమి. పేర్లన్నియు బంగారమే.

ఆ రైలుదారి సంగతి కొంత చెప్పవలెను. 1942లో జపాను సైన్యము బర్మాను పట్టుకొన్నది. అచ్చటి సేనకు సముద్రముమీద సరకు పంపుట ప్రమాదము. కనుక థాయిలాండునుండి బర్మాకు కొండలనుండి, అడవులనుండి 415 కిలోమీటర్ల దారి వేయ సంకల్పించి, 1942 నడిమి నుండి 1943 అక్టోబరులోపల ముగించిరి. యంత్రములు స్వల్పము, మనుష్యులే యంత్రములు. యుద్ధములో పట్టుబడిన ఆంగ్లేయులు, ఆస్ట్రేలియావారు, డచ్చివారు మొదలైన సైనికులు సుమారు 60,000 మంది. వారిలో 12,000 మందికి పైగా చనిపోయిరి. ఇది లోకమునకు తెలిసిన కథ. 1957లో దానిమీద సినిమాకూడ వచ్చినది. చిత్రీకరించినది సింహళద్వీపములో, అచ్చట చూపిన వంతెనయు వేరు. కాంచనపురి వంతెన ఇనుముది. నేటికిని దానిమీద రైలు నడచుచున్నది. మేము దానిపై నడచితిమి, ఫోటోలు తీసికొంటిమి, అందరివలెనే.

ఆ సినిమాలో లేని కథ వేరొకటి. ఆ దారిమీద సైనికులకంటె మూడింతలకు మించి కూలీలుండిరి. బర్మావారు, జావావారు, మలయానుండి వచ్చిన మనవారు. మొత్తము రెండు లక్షల పైచిలుకని అంచనా. మలయానుండి తెచ్చినవారే సుమారు 75,000; వారిలో ఎక్కువమంది తోటలలోని తమిళులు, వారితోపాటు తెలుగువారు. యుద్ధము వచ్చుటతో రబ్బరు ఎగుమతి ఆగెను, తోటలలో పని లేదు, బియ్యము లేదు. మూడు నెలల పని, దినమునకు ఒక డాలరు కూలి, తిండి, ఇల్లు అని ఆశ చూపి కొందరిని తీసికొనిపోయిరి. కొన్నిచోట్ల ఉచితముగా సినిమా చూపెదమని పిలిచి, తలుపులు మూసి బండ్లలో ఎక్కించిరి. పెండ్లాము బిడ్డలతో పోయినవారును కలరు. 1943 వానకాలమున కలరా వచ్చినది. సైనికులలో వారి వైద్యులుండిరి, అధికారులుండిరి. నీళ్ళు కాచి త్రాగింపగల కట్టడి యుండెను. కూలీలకు ఇవేవియు లేవు. చచ్చినవారు 80,000 నుండి లక్ష వరకని చరిత్రకారుల అంచనా.

అంచనా! లెక్కలు వ్రాయువానికి ఈ మాట ముల్లువలె గుచ్చుకొనును. పండ్రెండు వేలమంది సైనికుల సంగతి పేరు పేరునా తెలియును. లక్షమంది సంగతి ఇరువది వేలు అటో ఇటో!

కాంచనపురి యుద్ధసమాధుల తోట పట్టణము నడుమనే యున్నది. పచ్చగడ్డి, పూలచెట్లు, వరుసలు తప్పని సుమారు 7,000 సమాధులు. ఒక్కొక్క పలకమీద పేరు, దళము, తేది, వయస్సు. ఇరువది రెండు, ఇరువది అయిదు, పందొమ్మిది. వాకిటనున్న గూటిలో సమాధుల పట్టీ పుస్తకము ఉంచియున్నారు. దానిని చేతికి తీసికొని చదివితిని. సభవారు క్షమింతురుగాక, నా జీవితములో అంత శుద్ధమైన దస్తావేజును నేను చూడలేదు. పేరు, సంఖ్య, హోదా, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, ఏ వరుసలో ఎన్నవది. బందీలుగా నున్నవారే చచ్చినవారి పట్టీలు రహస్యముగా వ్రాసి దాచిరి. కొన్నిటిని సమాధులలోనే పాతిపెట్టిరి. 1945లో యుద్ధము ముగిసిన కొలది వారములకే ఒక చిన్న దండు ఆ దారి పొడుగునను తిరిగి, ఆ పట్టీల సాయముతో పదివేలకు పైబడిన సమాధులను గుర్తించెను. ఆకలితో చచ్చుచు కూడ లెక్క తప్పనివారికి నేను చేతులెత్తి మ్రొక్కుదును.

అవ్వ నా ప్రక్కనే నిలుచుండి, "మా పెదనాయన పేరు యాడుందో చూడయ్యా" అన్నది.

ఉండదని నాకు తెలియును. ఐనను మొదటినుండి చివరివరకు పుటలు త్రిప్పితిని. ఆమె ఎదుట అట్లు త్రిప్పకుండుట నాకు చేతకాలేదు. ఆ వాకిటి కట్టడములోనే ఒక ఫలకము కలదు. అవిభక్త హిందూదేశ సైన్యమువారు పదునొకండుగురి పేర్లు దానిమీద నున్నవి. థాయిలాండులోని మహమ్మదీయ స్మశానములలో పాతిపెట్టబడి, సమాధులు నిలుపుటకు వీలుకానివారు. ఆ పదునొకండు పేర్లను అవ్వకు చదివి వినిపించితిని. ఆమె ప్రతి పేరునకును తల యూచెను. చివరకు, "వీళ్ళూ మనోళ్ళే గదయ్యా" అని ఫలకమును చేతితో తాకినది.

మరునాడు ఏప్రిలు 25. 1915లో ఆస్ట్రేలియా, న్యూజిలాండు సైనికులు గల్లిపోలిలో దిగిన దినము. ఆ రెండు దేశములవారు ఎచ్చటనున్నను ఆనాటి వేకువను తమ మృతులను తలచుకొందురు. కాంచనపురికి వాయవ్యమున సుమారు 80 కిలోమీటర్ల దూరమున కొండను చీల్చి రైలుదారి తీసిన కనుమ యొకటి కలదు. రాత్రులు కాగడాల వెలుగులో బందీలు సుత్తులతో రాయి కొట్టుచుండగా నరకమువలె కనబడెనని దానికి నరకాగ్ని కనుమ యని పేరు వచ్చినది. స్మారకసభ అచ్చటనే. నడిరాత్రి లేచి బండ్లలో పోయితిమి. పున్నమి వెళ్ళి రెండు నాళ్ళే యగుటచే పడమట చంద్రుడు ప్రకాశించుచుండెను. మెట్లు చాల ఎక్కువ. అవ్వ మనుమరాలితో పైననే కూర్చుండెను. తక్కినవారము దిగితిమి.

ఇరువైపుల నల్లని రాతిగోడలు. వాటిమీద నేటికిని ఉలి గాడులు. క్రిందనంతయు చిన్న దీపములు. వందలకొలది జనమున్నను దగ్గు వినబడలేదు. ప్రార్థన, ఒక ప్రసంగము, పూలచక్రములు. పిమ్మట బూర ఊదిరి. అది ఊది ఆపిన తరువాత ఒక నిముసము మౌనము. అడవిలో ఎక్కడనో ఒక పక్షి మాత్రము కూసెను. మా ప్రక్కన నిలిచిన ముసలి ఆస్ట్రేలియా స్త్రీ తన తండ్రి ఫోటోను రొమ్మున పెట్టుకొనియుండెను. ఆయన బ్రతికి ఇల్లు చేరినవాడేనట. ఐనను ఈ దారిని గూర్చి ఇంట ఒక్కనాడును నోరు విప్పలేదట. మీరు ఎవరికొరకు వచ్చితిరని ఆమె అడుగగా, మా ఊరి కూలివానికొరకు అని చెప్పితిమి. ఆమె తన చేతిలోని పూలలో సగము తీసి మాకిచ్చెను.

తెల్లవారిన పిమ్మట ఆ పాత కట్టమీద కొంతదూరము నడచితిని. నడచుచు లెక్క వేసితిని; అలవాటు పోదు గదా. సైనికులు, కూలీలు కలిసి మొత్తము లక్షమందికి అటునిటు. దారి 4,15,000 మీటర్లు. అనగా నాలుగు మీటర్ల కొకడు. నా అడుగు ముప్పాతిక మీటరు. అయిదడుగులు వేసి నిలిచితిని. మరి అయిదడుగులు వేసి నిలిచితిని. అట్లు నూరు అడుగులు పోవుసరికి ఇక నడువలేక వెనుకకు తిరిగితిని.

కాంచనపురికి మరలి వచ్చి, మలయానుండి వచ్చిన తెలుగువారు ఇద్దరిని కలిసితిమి. పేరాక్ రాష్ట్రపు బగాన్ దాతో కొబ్బరితోటల ప్రాంతమువారు. మూడు తరములనుండి అచ్చటనే యున్నను ఇంట తెలుగే మాటలాడుదురు. 1955లో మలయా ఆంధ్ర సంఘము ఏర్పడినపుడు తమ తాతగారు చందా కట్టెనని ఒకరు గర్వముతో చెప్పిరి. వారే మమ్ము తక్కిన రెండు చోట్లకు తీసికొనిపోయిరి. మొదటిది వంతెన చేరువనున్న స్తూపము. 1944లో జపాను సైన్యమువారే, తమ దారిమీద చచ్చినవారికని కట్టిరి! దానిమీద పలుభాషల పలకలున్నవి. తమిళముకూడ కలదు. తెలుగు లేదు. దానికి నేను అలిగితినని కాదు. తమిళ పలక చదువుటకు వచ్చినంతవరకు చదివి, మనవారును ఆ మాటలోనే చేరియున్నారని అనుకొంటిని.

రెండవది తావోన్ వరారామ్ అను బౌద్ధవిహారము. కూలీల ఎముకలు అచ్చట చేర్చి స్మారకము కట్టిరి. 2023లో తమిళులు అచ్చట తమ ఆచారము ననుసరించి ఒక నడుకల్లును, అనగా వీరగల్లును నిలిపిరి. మన పల్లెలలో చెట్లక్రింద ఒరిగియుండు వీరగల్లులను చూచినవారే మనమందరము. ఆవుల మందకొరకు పోరి పడినవానికి పూర్వులు రాయి నిలిపిరి. ఎనుబదేండ్లకు ఈ కూలివానికి రాయి దక్కినది. అవ్వ దానిముందు కూర్చుండి పసుపు కుంకుమలు పెట్టినది. తన పెద్దమ్మ తుడువలేకపోయిన కుంకుమను అచ్చట పెట్టి వచ్చెదనని ఆమె ఇంటినుండి పొట్లము కట్టుకొని వచ్చినట్లు అప్పుడే మాకు తెలిసినది.

ఆ పట్టణమున రెండు ఏరులు, ఖ్వే యాయి, ఖ్వే నోయి, కలిసి మేక్లాంగ్ నది యగును. ఆ సంగమమున అవ్వ కుమారుడు తిలోదకము విడిచెను. పేరు చెప్పెను, గోత్రము చెప్పెను. తిథి అడుగువారు లేరు. ఆ తరువాత, ఎవరును లేనివారికని విడుచు నీళ్ళున్నవి గదా, వానిని మేమందరము విడిచితిమి. బగాన్ దాతో వారును మాతో దిగిరి. ఒకరు నీళ్ళలో నిలిచి, "మా తాత తమ్ముడుకూడ ఈ దారికే పోయినాడండి, మాకు పేరుకూడ తెలియదు" అనిరి.

నాకు అప్పుడు స్త్రీపర్వము తలపునకు వచ్చెను. మన నెల్లూరి తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో అదియొకటి. వ్యాసుని మూలములో, యుద్ధమున చచ్చినవారెందరని ధృతరాష్ట్రుడు ధర్మరాజును అడుగును. ధర్మరాజు తెలియదనడు, అంచనా చెప్పడు. 166 కోట్ల 20 వేలమంది యని చెప్పి, జాడ తెలియనివారు 24,165 అని వేరొక పద్దు చెప్పును. నేను చిన్ననాడు ఈ సంఖ్యలను చూచి కవుల అతిశయోక్తి యని నవ్వితిని. కాంచనపురి రేవులో నవ్వు రాలేదు. జాడ తెలియనివారికి వేరుగా ఒక పద్దు ఉండవలెనని ఆ మహర్షికి తోచినది గదా! దిక్కులేనివారికిని దహనము జరిపింపుమని ధర్మరాజు విదురుడు మొదలగువారిని నియమించెను. గంగలో తర్పణములు జరుగుచుండగా కుంతి లేచి, కర్ణుడు మీ అన్న, అతనికిని నీళ్ళు విడువుడని చెప్పినది ఆనాడే. వదలిన పేరు ఆ దినమున బయటపడినది.

తిరుగు ప్రయాణమును గూర్చి చెప్పుట కేమియు లేదు, అందరును నిద్రపోయిరి. ఖర్చుల పట్టిక అప్పుడే గ్రంథాలయపు గోడకు అంటించితిని.

ఇక ఒక మనవి చేసి కూర్చుందును. మన తీరమునుండి మలయాకు, బర్మాకు, వేరు దీవులకు పోయి తిరిగిరానివారు ఆ అవ్వ పెదనాయన ఒక్కడే కాదు. ఊరికి వచ్చిన వారమే ఒక గట్టి అట్టల పుస్తకము కొని, గీతలు గీసి, మన గ్రంథాలయమున పత్రికల బల్ల ప్రక్కన ఉంచితిని. పేరు, తండ్రి పేరు, ఊరు, పోయిన ఏడు, పోయిన దేశము, కడపటి ఉత్తరము వచ్చిన తేది, చెప్పినవారి పేరు, ఏడు గడులు. తెలియని గడిని ఖాళీగా విడువవచ్చును, ఊహించి నింపరాదు. మొదటి పేరు అవ్వ చెప్పగా వ్రాసితిని. ఈనాటికి పదునేడు పేర్లు చేరినవి. అందు నాలుగు కోటనుండి, రెండు దుర్గరాజుపట్నమునుండి వచ్చినవి. ఒక పేరునకు ఇంటిపేరు తెలియదు. మరియొకటి ఆడుపేరు, ఆమెతో పోయిన బిడ్డకు పేరు లేదు. బిడ్డ యని వ్రాసితిని. మీ యింట పెద్దలు బ్రతికియుండగానే అడిగి తెలిసికొని రండు. సాయంకాలము అయిదు గంటలనుండి గ్రంథాలయము మూయువరకు నేను అచ్చటనే యుందును. కలము, సిరా పుస్తకము చెంతనే యున్నవి.